గోడ ఆరేలోపల

అక్క ఇస్త్రీ కొట్టు అంటే కొట్టేమీ కాదు, ఒక కిటికీ. పాతవీధి మూలమీది ఇంటికి నేలమట్టాన ఉన్న వెడల్పాటి కిటికీ. లోపల బల్ల వేసుకుని ఆమె నిలబడేది. పొద్దున పనికి పోయేవాళ్ళు బట్టల మూట అందులోంచి పడేసి పోయేవాళ్ళు, సాయంత్రం వచ్చేటప్పుడు అందులోంచే అందుకునేవాళ్ళు. బొగ్గుల పెట్టె వేడెక్కిందో లేదో చూడటానికి ఆమె వేలు తడిచేసి అడుగున ఆనించేది. చుయ్ మనేది.

"మీ అక్క ఎవరినో తిడుతున్నట్టుందే," అనేవాడు మేస్త్రితో, ఎదురుగా గొడుగులు బాగుచేసే ఆయన.

"నిన్నే," అనేది లోపలి నుంచి అక్క. "విరిగిన గొడుగులన్నీ నా కిటికీకి అడ్డం పెట్టి, మళ్ళీ మాటలా?"

మేస్త్రి ఆమె తమ్ముడు. వాళ్ళది సున్నం పని. గుంటలో సున్నం నానబెట్టడం, ఇసుక కలిపి మెత్తగా నూరడం, తాపీతో పూసి అద్దంలా నునుపు తేల్చడం, అన్నీ తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్నాడు. తీరా పని చేతికొచ్చేసరికి అడిగేవాడు లేకుండా పోయాడు. ఎక్కడ చూసినా సిమెంటే. కడుపు ఊరుకోదు కాబట్టి అతనూ సిమెంటు పూశాడు. పూసినన్నాళ్ళూ తనది కాని చొక్కా తొడుక్కున్నట్టే ఉండేది.

అందుకే ఒక కంపెనీ తరఫున ఇంజినీరు వచ్చి, పాతవీధిని కూలగొట్టడం లేదు, ఉన్నదున్నట్టు కాపాడుతున్నాం, గోడలన్నీ మళ్ళీ సున్నంతోనే చేయాలి అని చెప్పినప్పుడు మేస్త్రికి కాళ్ళు నేలమీద ఆనలేదు. అంతకుముందు ఏడాదంతా వీధి జనం బిక్కుబిక్కుమంటూ గడిపారు. ఎవరో బిల్డరు వచ్చి మొత్తం చదును చేసి అంతస్తులు లేపుతాడని పుకారు. ఇప్పుడు ఆ గండం గడిచింది. మొదట మేస్త్రి పని చూడాలని ఇంజినీరు అతని సున్నపుగుంట దాకా నడిచి వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్తుడు. గుంటలోని వెన్నలాంటి సున్నాన్ని వేలితో తీసి చూసి, "మేస్త్రిగారూ, మీలాంటివాళ్ళ కోసమే వెతుకుతున్నాం," అన్నాడు. గారు అని పిలిపించుకోవడం మేస్త్రికి అదే మొదలు.

ఒక్కటే మెలిక. పని జరిగినన్నాళ్ళూ ఇళ్ళు ఖాళీ చేయాలి. ఊరి చివర కొత్త ఫ్లాట్లలో అందరికీ చోటు చూపిస్తారట. వీధిలో దాదాపు అందరూ అద్దెవాళ్ళే. ఇళ్ళ యజమానులు ఎక్కడెక్కడో ఉన్నారు, వాళ్ళు ముందే ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం జనం అక్క కిటికీ ముందు చేరారు. గొడుగులాయన తీగ వంచుతూనే అన్నాడు.

"ఖాళీ చేసినవాడు మళ్ళీ కాలు పెట్టడం నేనెక్కడా చూళ్ళేదు."

"నీకన్నీ అనుమానాలే," అన్నాడు మేస్త్రి.

"అనుమానం కాదురా, వయసు."

"సున్నం సంగతి నీకు తెలుసా? పైపూత వేశాక గోడను తడుపుతూ ఉండాలి. ఎండకు వదిలేస్తే నెర్రెలిస్తుంది. ఇంట్లో మనుషులుండాలి, పొద్దునా సాయంత్రం ఎవరి గోడకు వాళ్ళు నీళ్ళు కొట్టుకోవాలి. మా నాన్న కాలం నుంచీ అంతే. మనుషులు లేని ఇంటికి పైపూత వేసే మేస్త్రి ఎక్కడన్నా ఉంటాడా? గోడ ఆరేలోపల మిమ్మల్ని తీసుకొచ్చి మీ మీ ఇళ్ళల్లో పెట్టే పూచీ నాది."

అతను అబద్ధమాడలేదు. గోడకు నీళ్ళెంత అవసరమో, నీళ్ళు పోసే మనిషి అంతే అవసరమని అతని లెక్క. గోడ అక్కర్లేదనుకున్నవాళ్ళు మనుషుల్ని పంపేస్తారు గానీ, గోడ కావాలన్నవాళ్ళు మనుషుల్నెందుకు వదులుకుంటారు? సిమెంటు మేస్త్రి ఎవడూ ఇలా లెక్క వేసే పొరపాటు చేయడు.

జనం గొణుక్కుంటూ వెళ్ళారు. అక్క మాత్రం చొక్కా మడత పెడుతూ ఉండిపోయింది. కాలరు మీద పెట్టె ఇంకోసారి నొక్కి తీసింది.

"ఒరేయ్. ఆ ఇంజినీరు చెప్పాడని కాదు, నువ్వన్నావని పోతున్నా. గుర్తుంచుకో."

అక్కకు ఇచ్చిన ఫ్లాటు నాలుగో అంతస్తులో. గోడలు తెల్లగా, గదులు అగ్గిపెట్టెల్లా. కిటికీలోంచి చూస్తే ఇంకో కిటికీ. నాలుగంతస్తులు ఎక్కి ఇస్త్రీకి బట్టలెవరు తెస్తారు? కొన్నాళ్ళు పెట్టె కిందికి మోసుకెళ్ళి గేటు పక్కన బల్ల వేసింది. బొగ్గుల పొగ గోడలకు పడుతోందని కాపలావాడు లేపేశాడు. ఆ తర్వాత తనే తలుపు తలుపూ తట్టి, ఇచ్చినవాళ్ళ బట్టలు పైకి మోసుకుని, చేసి, మళ్ళీ దింపేది. మోకాళ్ళు పట్టేశాయి. మేస్త్రి చూడబోయినప్పుడల్లా నీళ్ళ గ్లాసు అతని ముందు పెట్టి ఒకటే అడిగేది.

"గోడ ఆరిందా?"

"ఇంకా పైపూతే పడలేదక్కా."

"ఊఁ," అనేది. గొడుగులాయనది పక్క బ్లాకే. ఆయన ఇప్పుడు గొడుగులు ముట్టుకోవడం మానేశాడు. మెట్ల దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూసేవాడు. మేస్త్రి కనిపిస్తే తల తిప్పుకునేవాడు.

వీధిలో పని మాత్రం జోరుగా సాగింది. పాత పూతంతా గీకేశారు. మేస్త్రి గుంటలోంచి సున్నం తీసి నూరించి, ఒక్కో గోడకూ దగ్గరుండి పూయించాడు. గోడల మీద తడి గోనెపట్టాలు వేలాడుతూ ఉంటే వీధంతా చల్లగా, చిన్నప్పటి వాసన వేసేది. కూలివాళ్ళు డబ్బాలతో నీళ్ళు కొట్టేవాళ్ళు. ఇంటివాళ్ళు కొట్టాల్సిన నీళ్ళు కూలివాళ్ళు కొడుతున్నారేమిటని ఒకటి రెండుసార్లు మనసులో మెదిలింది. పని ఒత్తిడిలో మళ్ళీ అణిగిపోయింది. అక్క గోడను అందరికంటే చివర పెట్టుకున్నాడు. దానికి పైపూత పరాయి చేత్తో వేయించలేదు. లోపలి పని వేరే మనుషులదని కిటికీకి రేకు కొట్టి ఉంది; దాని చుట్టూ అంచు తిప్పడానికే ఒక పూటంతా తీసుకున్నాడు. చివరికి అరచేత్తో రాసి చూస్తే, ఇస్త్రీ చేసిన గుడ్డలా తగిలింది.

మర్నాడు పొద్దున నీళ్ళ బకెట్టు తీసుకుని వచ్చేసరికి రేకు తీసేసి ఉంది. అలవాటు కొద్దీ కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు.

లోపల ఇల్లు లేదు. అక్క బల్ల వేసుకునే చోటి నుంచి పక్కింటి పెరటి దాకా ఒకటే ఖాళీ. మధ్యగోడలు తీసేశారు. వంటింటి పొగకు నల్లబడిన గోడ, దాని పక్కన అక్క బొగ్గుతో ఏ చొక్కా ఎవరిదో గుర్తులు వేసుకునే గోడ, ఏదీ లేదు. మూడిళ్ళ వెనక భాగమంతా ఇనుప స్తంభాల మీద నిలబడిన ఒక్క హాలైంది. ముందుగోడ మాత్రం, అతను పూసిన గోడ మాత్రం, నాటకం తెరలా నిలబడి ఉంది.

ఇంజినీరు హాలు మధ్యలో నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. మేస్త్రి లోపలికెళ్ళి, అయ్యేదాకా ఆగాడు.

"సార్, ఇదేంటి?"

"హోటల్ డైనింగ్ హాలు మేస్త్రిగారూ. మీకు చెప్పలేదా?"

"మరి మా అక్క ఎక్కడుంటుంది?"

ఇంజినీరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ముఖంలో కల్మషం లేదు, ఇబ్బంది ఉంది.

"మొదట్లో నాకూ అలాగే చెప్పారండీ, అందరూ తిరిగి వస్తారని. తర్వాత కంపెనీ వాళ్ళు యజమానుల దగ్గర ఇళ్ళు కొనేశారు. వీధి రూపం కాపాడటం వరకే నా పని. మనుషుల సంగతి నా చేతిలో లేదు."

"నేను మాటిచ్చాను సార్."

"మీరెందుకిచ్చారు?" అన్నాడు ఇంజినీరు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

మేస్త్రి వెనక్కి తిరిగాడు. బయటికొచ్చి గోడ ముందు నిలబడ్డాడు. బకెట్టులో నీళ్ళు అలాగే ఉన్నాయి. ఎండ మెల్లగా గోడెక్కుతోంది. చేయి చాపి గోనెపట్టా పట్టుకున్నాడు, లాగేశాడు. దాని పక్కది కూడా. అన్నీ చుట్టి ఒక మూల పడేశాడు. బకెట్టు తీసుకెళ్ళి వీధి మలుపు దగ్గర కాలవలో గుమ్మరించాడు.

"ఈ గోడకు కొట్టలేదే, మరిచిపోయావా మేస్త్రీ?" అంది నీళ్ళు కొట్టే కూలామె.

"మరవలేదు."

అది అతను జన్మలో ఎన్నడూ చేయని పని. పచ్చిగోడను ఎండకు వదలడం అంటే ఉయ్యాల్లో పిల్లను వాకిట్లో వదలడమే వాళ్ళ ఇంట్లో. తండ్రి ఉంటే తాపీ పెట్టి కొట్టేవాడు. కానీ అతని బుర్రలో ఒక ఆలోచన గూడు కట్టుకుంది. గోడ నెర్రెలిస్తుంది. చూసి గొల్లుమంటారు. అంతా గీకి మళ్ళీ పూయాలంటారు. హోటల్ ప్రారంభం దగ్గర పడుతోంది, సున్నం పని ఇంకెవడికీ రాదు. అప్పుడు నోరు విప్పుతాడు. ముందు మా అక్కను తెచ్చి ఆ కిటికీలో నిలబెట్టండి, ఆ తర్వాత తాపీ పడతాను. ఆ మాటను నడుస్తూ, తింటూ, పడుకుని కూడా నాలుక మీద దొర్లించుకున్నాడు. ఒకసారి మెత్తగా, ఒకసారి కటువుగా. అక్కను చూడబోలేదు. చెప్పాల్సింది చేతిలో పెట్టుకునే పోదామనుకున్నాడు.

గోడ అతని మాట విన్నది. మొదట కిటికీ మూలల నుంచి వెంట్రుకంత గీతలు బయల్దేరాయి. తర్వాత అవి కొమ్మలేశాయి. వారం తిరిగేసరికి గోడంతా ముసలిదాని ముఖంలా గీతలు పడింది. మేస్త్రి దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా నేల చూపులు చూసేవాడు.

కంపెనీ మేడం పని చూడటానికి వచ్చింది. ఇంజినీరు వెంట ఉన్నాడు. వీధంతా చూస్తూ వచ్చి అక్క గోడ ముందు ఆగిపోయింది. ఇంజినీరు ముఖం పాలిపోయింది. మేస్త్రి తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. మాట పెదవి దాకా వచ్చి నిలబడింది.

"ఇది ఎవరు చేశారు?" అంది మేడం.

"నేనేనమ్మా," అన్నాడు మేస్త్రి.

ఆమె గోడ మీద చేయి వేసి గీతల వెంట వేలు పోనిచ్చింది. "ఎంత బాగుంది. మిగతావన్నీ నిన్న కట్టినట్టున్నాయి. ఇది చూడండి, రెండొందల ఏళ్ళు బతికినట్టుంది. అన్నీ ఇలాగే రావాలి కదా?"

ఇంజినీరు ఊపిరి పీల్చుకున్నాడు. "చేయించవచ్చు మేడం. మేస్త్రిగారూ, మిగతా గోడలకు కూడా ఈ ఫినిషింగు ఇవ్వగలరా?"

మేస్త్రి నోట్లోని మాట అక్కడే ఉంది. ఇప్పుడది ఎవరికి చెప్పాలో, ఎందుకు చెప్పాలో అతనికి తెలియలేదు. "మా అక్క..." అని మాత్రం అన్నాడు.

"అవునవును," అన్నాడు ఇంజినీరు, ఏదో గుర్తొచ్చినట్టు. "మేడం, ఈ కిటికీలో ఇతని అక్క ఇస్త్రీ చేసేది. బొగ్గుల పెట్టెతో."

"అలాగా?" మేడం ముఖం వెలిగింది. "ఆ పెట్టె ఇంకా ఉందా? ఉంటే తెచ్చి ఆ కిటికీలో పెట్టించండి. చూడటానికి వచ్చేవాళ్ళకు ఇలాంటివే కావాలి."

ఆ సాయంత్రం మేస్త్రి నాలుగంతస్తులూ ఎక్కాడు. అక్క తలుపు తెరిచి అతని ముఖం చూసింది. నీళ్ళ గ్లాసు పెట్టింది. గోడ సంగతి అడగలేదు. అతనే అంతా చెప్పాడు, హాలూ, గోనెపట్టాలూ, మేడం మెచ్చుకోలూ. చివరికి పెట్టె సంగతి నేల చూస్తూ చెప్పాడు.

అక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. బల్ల మీద ఎవరిదో ప్యాంటు సగం ఇస్త్రీలో ఉంది. ఆమె దాన్ని పూర్తిచేసి మడత పెట్టింది. పెట్టె మూత తీసి, మిగిలిన బొగ్గులు ఇనుప పళ్ళెంలో కుమ్మరించి, నీళ్ళు చల్లింది. చుయ్ మంది.

"ఒరేయ్, పట్టుకుపో. అదన్నా ఇంటికి పోతుంది."

"నీకు పనికో అక్కా?"

"కాళ్ళెక్కడున్నాయి పనికి? పిడి కాలుతుంది, గుడ్డతో పట్టుకో." తలుపు దాకా వచ్చింది. "గోడను ఎండబెట్టావన్నావే, అది మాత్రం తప్పు. నాన్న నేర్పిన పని అది. మనుషులు మోసం చేస్తే గోడేం చేసింది?"

ఇంజినీరు మనుషులు పెట్టెను కిటికీలో పెట్టి, ఎవరూ ఎత్తుకుపోకుండా అడుగున స్క్రూలు బిగించారు. ప్రారంభం రోజు వీధి నిండా దీపాలు, కెమెరాలు. గొడుగులాయన కొట్టు ముందు కూడా రంగురంగుల గొడుగులు వేలాడదీశారు, ఒక్కటీ విరిగింది లేదు. మేస్త్రిని ఎవరూ రమ్మనలేదు. అన్నీ సద్దుమణిగిన మర్నాడు పొద్దున తాపీ, సామాను తీసుకుపోదామని వచ్చాడు.

వీధిలో ఎవరూ లేరు. ఎండ అప్పుడే అక్క గోడ మీదికి ఎక్కుతోంది. ఒక పెద్ద నెర్రె కిటికీ కింది దాకా దిగింది. ఇప్పుడు నీళ్ళు కొట్టినా ఒరిగేదేమీ లేదని అతనికి తెలుసు. అయినా తోటపని కోసం పెట్టిన కుళాయి దగ్గర బకెట్టు నింపుకుని, మగ్గుతో గోడకు నీళ్ళు కొట్టాడు. ఒకటి. ఇంకొకటి. గీతల్లోకి నీళ్ళు గుటకలేస్తున్నట్టు ఇంకిపోయాయి.

"ఏయ్ పెద్దాయనా." కొత్త యూనిఫాం వేసుకున్న కాపలావాడు పరుగున వచ్చాడు. "ఏం చేస్తున్నావు? అది ఎప్పటిదో పాతగోడ. తడిస్తే పాడైపోతుంది. ముట్టుకోకూడదని బోర్డు పెట్టారుగా, చదవలేవా?"

మేస్త్రి బోర్డు చదివాడు. మగ్గులో మిగిలిన నీళ్ళు ఎక్కడ పొయ్యాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తన కాళ్ళ మీద పోసుకుని, సున్నం మరకలు కడుక్కుని, సామాను భుజానికెత్తుకున్నాడు.