కంబళి అంచు

ఆదెప్ప కంబళి అంచు నుంచి నీళ్ళు ధార కట్టేసరికి ఇంకా మధ్యాహ్నం కాలేదు. కెంచార్లహళ్ళి దగ్గరి పెద్ద చెరువు నిండి, ఎక్కువైన నీరు మరవ మీదుగా పొర్లి కింది కాలువలో పడుతోంది. ఆ కాలువలో నడుంలోతున నిలబడి బెస్తవాళ్ళు అడ్డంగా వల పట్టుకున్నారు. నీటితోపాటు కొట్టుకొచ్చే కొర్రమీనులు, వాలుగలు ఆ వలలో పడాలి. పైన వాన, కింద వరద. తల మీద ముసుగులా కొప్పెర వేసుకున్న కంబళి తప్ప వాళ్ళకు వేరే అండ లేదు.

“అంచు కారతాండాది సామీ,” అని ఆదెప్ప తన చేతిలోని వల కొసను బామ్మర్ది గంగప్పకు అందించి గట్టెక్కాడు.

గట్టు మీద గొడుగు కింద నిలబడ్డ సుబ్బరాయప్ప మొహం చిట్లించాడు. ఆ ఏడు చెరువు చేపలను హరాజులో పాడుకున్న గుత్తదారు ఆయనే. భూములున్నాయి, బెల్లం గానుగ ఉంది. చేపను నోట్లో పెట్టుకోడు గాని చేప మీద వచ్చే రూపాయిని వదలడు.

“చేపలు దిగే యాళకే కారాల్నా నీ కంబళి? నా దుడ్డంతా మరవ మీద కొట్టుకొని పోతాండాది కదరా.”

“కారినాక పిలవకూడదు సామీ,” అన్నాడు నిప్పు దగ్గర కూర్చున్న మునికృష్ణప్ప. ఆయన ఆదెప్పకు చిన్నాయన. మోకాళ్ళు పట్టేసి నీళ్ళలోకి దిగడం మానుకున్నా, వల వేసిన రోజున గట్టు మీది గుడిసె వదలడు. “మీ నాయన పాడుకొన్నప్పుడు గూడా పిలవలే.”

ఆ మరవ దగ్గరి కట్టుబాటు అది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. కంబళి వాననంతా తాగి, ఇక తాగలేక అంచు నుంచి ధార విడిచిందంటే, ఆ మనిషి గట్టెక్కవచ్చు. కంబళిని పిండి, నిప్పు మీద ఆరబెట్టుకొని, కాళ్ళకు నెత్తురు తిరిగేదాకా కూర్చోవచ్చు. అంతవరకు గుత్తదారైనా సరే పేరు పెట్టి పిలవకూడదు. గడియారం ఎరగని ఆ మనుషులకు పని ఎప్పుడు ఆపాలో చెప్పేది ఆ గొర్రె బొచ్చు ఒక్కటే. మన దేశంలో పేదవాడికి మేలు చేసే కట్టుబాట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఇదొకటి.

అయితే ఆదెప్ప కంబళి పాతదైపోయింది. పెళ్ళినాడు మామగారు కప్పినది. నడిమధ్య పోగులు విడిపోయి, వాన కంబళిలో ఆగకుండా నేరుగా వీపు మీదికి దిగుతోంది. పోయిన కార్తీకంలో రొమ్ము పట్టేసి నెల పాటు లేవలేదు. ఇప్పటికీ దగ్గితే ఇంట్లో గిన్నెలు కదులుతాయని భార్య అక్కయమ్మ అంటుంది. నవ్వుతూనే అంటుంది గాని, ఆ దగ్గు విన్న రాత్రి ఆమెకు కన్ను మూతపడదు. ఈ వానల్లో కూడా ఆ చిల్లుల కంబళితోనే దిగితే మనిషి దక్కడని ఆమె భయం. అందుకే వాన తెరిపిచ్చిన సంతరోజున మొగుణ్ణి వెంటబెట్టుకొని చింతామణికి బయలుదేరింది. గంగప్ప కూడా వెంట వచ్చాడు. అతను అక్కయమ్మకు తమ్ముడు. తల్లి పోయాక ఆమె చేతి ముద్ద తినే పెరిగాడు.

సంతలో హనుమక్క అనే కురుబామె కంబళ్ళు పరిచి కూర్చుంది. కంబళి ఎంచడంలో అక్కయమ్మను మోసం చేయడం ఎవరి తరమూ కాదు. ఒకదాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. బొచ్చులో నూలు కలిసిందేమోనని పోగు లాగి నలిపింది. తరువాత కంబళిని గుంటగా పట్టించి, అందులో చెంబెడు నీళ్ళు పోసి, కింద అరచెయ్యి ఆనించి, వక్కాకు నోట్లో వేసుకుంది. వక్కాకు నమిలి ముగిసేలోగా అరచెయ్యి తడవకపోతే అది మంచి కంబళి. ఆమె తల్లి అలాగే చూసేది.

చెయ్యి తడవలేదు. “ఎంతమ్మా?”

“తొమ్మిది రూపాయలు తల్లీ.”

“యుద్ధానికి ముందు మూడు కదమ్మా.”

“బొచ్చంతా దండుకే పాయె. గొర్రెలు గూడా దండుకే పాయె. నేను యాడనుంచి తెచ్చేది చెప్పు.”

రోజంతా నీళ్ళలో నిలబడితే ఆదెప్ప వాటాకు వచ్చే చేపలు పది అణాలకు మించవు. వాన లేని నెలల్లో అదీ లేదు. అక్కయమ్మ కంబళిని మడిచి, మడత మీద చెయ్యి ఆనించి కాసేపు ఉంచి, లేచింది.

సంత చివర జనం మూగి ఉన్నారు. యుద్ధం ముగిసి బెంగళూరు దండులో వేలం వేసిన సిపాయిల సామాను అక్కడ కుప్పగా పోసి ఉంది. బూట్లు, సీసాలు, తోలు పట్టీలు. ఒకతను ఆకుపచ్చ రబ్బరు కోటు ఎత్తి చూపిస్తూ కన్నడంలో కొంత, తెలుగులో కొంత అరుస్తున్నాడు. తల మీదికి ముసుగు, మెడ దగ్గర బిగించే పట్టీ, మోకాళ్ళ దాకా నిడివి. నలుగురి చేత కొసలు పట్టించి, అందులో కుండెడు నీళ్ళు కుమ్మరించాడు.

చుక్క కారలేదు.

అక్కయమ్మ ముందుకు వెళ్ళి కింద అరచెయ్యి పెట్టింది. వక్కాకు నమిలింది. అయిపోయాక ఇంకొకటి నమిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. చెయ్యి పొడిగానే ఉంది. తీసి ఆదెప్ప చెంపకు ఆనించింది.

“చూడు, ఎట్ల ఉండాదో. ఇదే తీసుకొందాము,” అంది. ఎంతో కాలం తరువాత ఆమె మొహం విప్పారింది.

“వెల ఎంత?” అని ఆదెప్ప అడిగేలోగా వెనక నుంచి సుబ్బరాయప్ప గొంతు వినిపించింది. బెల్లం బళ్ళతో వచ్చి, ఆయన కూడా ఆ నీళ్ళ తమాషా మొదటి నుంచీ చూస్తున్నాడు.

“మూడున్నర. నువ్వు ఇచ్చేదేం వద్దులేరా. మీ జట్టుకంతా నేనే తీసిస్తా. తడిసి చస్తాంటే నేను చూస్తా ఉండేదా?”

సుబ్బరాయప్ప చేతి నుంచి ఊరికే ఏదైనా రాలడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. అక్కయమ్మ అదేమీ ఆలోచించలేదు. చేతులెత్తి మొక్కింది. మొగుడు దక్కాడన్న సంతోషం ఆమెది.

ఆ సాయంత్రం బెస్తపాళెంలో కోట్లు ఇంటింటికీ తిరిగాయి. మునికృష్ణప్ప ఒక కోటును ఒళ్ళో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది కారేది ఎప్పుడప్పా?” అన్నాడు చివరికి.

అందరూ పకపక నవ్వారు. “కారదు కాబట్టే కదా మామా తెచ్చింది,” అంది అక్కయమ్మ. ముసలాయన నవ్వలేదు. కోటును పక్కన పెట్టి, తన కంబళిని భుజాల మీదికి లాక్కున్నాడు.

రెండో నాటికి వాన మళ్ళీ పట్టుకుంది. తూర్పున మబ్బు నల్లగా దిగి, కొండ కనబడకుండా పోయింది. మరవ మీద నీరు ఎర్రగా, బరువుగా, ముందెన్నడూ లేని చప్పుడుతో పడుతోంది. తెల్లవారి దిగిన జట్టు ఆకుపచ్చ కోట్లలో వరుసగా నిలబడింది. చేపలు విరగబడి వస్తున్నాయి. సుబ్బరాయప్ప గుడిసె గడపలో స్టూలు వేయించుకొని కూర్చొని, బుట్టలు నిండడం చూస్తున్నాడు.

మొదట్లో సరదాగానే ఉంది. వీపు వెచ్చగా ఉంది. ఆదెప్పకు దగ్గు రాలేదు. పొద్దెక్కింది. కాళ్ళు మొద్దుబారి, పాదాల కింద రాయి ఉందో బురద ఉందో తెలియడం మానేసింది. అప్పుడు ఆదెప్ప అలవాటుగా తల వంచి చూసుకున్నాడు. కోటు మీద పడిన వాన పడినట్టే జారిపోతోంది. ఇది పడిన నీరా, కారిన నీరా? ఎంతసేపు చూసినా కోటు ఏమీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ కంబళి కాపాడింది వీపునని వాళ్ళు అనుకున్నారు. అది లెక్క పెట్టింది కాళ్ళ చలిని. ఆ సంగతి ఆదెప్పకు నీళ్ళలో నిలబడే తెలిసింది.

“సామీ, గట్టెక్కతాము. కాళ్ళు తెలీకుండా పోతాండాయి.”

సుబ్బరాయప్ప గొడుగు విప్పుకొని గట్టు కొస దాకా వచ్చాడు. ఆదెప్పను దగ్గరికి రమ్మని, వంగి, మెడ పట్టీ కింద నుంచి కోటు లోపలికి చెయ్యి దూర్చాడు. చెయ్యి బయటికి తీసి అందరికీ కనబడేటట్టు చాపాడు.

“పొడిగా ఉండాది. చూడండి. మీ కట్టుబాటే కదా, తడిసినాకనే ఎక్కేది? తడిసినాక ఎక్కండి.”

కట్టుబాటు కట్టుబాటే కదా. ఆదెప్ప మళ్ళీ వల పట్టుకున్నాడు. ఆయన ఆ కోట్లు ఎందుకు కొన్నాడో జట్టులో ఒక్కొక్కరికీ అర్థమవుతూ వచ్చింది. గంగప్ప పెదవులు నల్లబడ్డాయి. ఏదో చెప్పబోయాడు గాని మాట కూడలేదు.

అక్కయమ్మ రాగి ముద్దల గంప నెత్తిన పెట్టుకొని, గంప తడవకుండా మొగుడి చిల్లుల కంబళి పైన కప్పుకొని వచ్చేసరికి మూడో ఝాము అయింది. ఇంతసేపు జట్టులో ఒక్కరైనా నిప్పు దగ్గర లేకపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

“ఏం మామా, ఇంకా ఎక్కలేదా?”

“యాడ ఎక్కేది? నువ్వు తెచ్చినవి కారితే కదమ్మా,” అన్నాడు మునికృష్ణప్ప.

ఆ మాట ఆమె గుండెలో సూటిగా దిగింది. గంప దించి గట్టు మీదికి పరుగెత్తింది. తమ్ముడు ఆమె వైపు చూశాడు. చూస్తుండగానే కాళ్ళు తేలిపోయి వెనక్కి పడ్డాడు.

కంబళి అయితే భుజాల మీంచి జారిపోయేది. కోటు మెడకు బిగించి ఉంది. వరద కింది అంచు నుంచి దూరి కోటును ఉబ్బించింది. నీళ్ళను లోపలికి రానివ్వని రబ్బరు, వచ్చిన నీళ్ళను బయటికి పోనివ్వలేదు. నిండిన గోనెసంచి మాదిరి అది గంగప్పను కింది బండల వైపు ఈడ్చుకుపోయింది. ఆదెప్ప వల వదిలేశాడు. తన కోటును పట్టీతో సహా పీకి పారేసి దూకాడు. అందరూ వల వదిలేశారు.

“వల! వల పోతాండాది రా!” అని గట్టు మీది నుంచి ఒకే ఒక్క కేక.

బండల దగ్గర దొరకబుచ్చుకున్నారు. పట్టీ ఊడి రాకపోతే ఆదెప్ప పళ్ళతో కొరికి తెంచాడు. గట్టు మీదికి తెచ్చి బోర్లించి వీపు నొక్కితే నీళ్ళు కక్కాడు. ఊపిరి ఉంది. కళ్ళు మాత్రం తెరవలేదు. నుదుటి పక్కన బండ తగిలిన చోట నెత్తురు వానతో కలిసి పోతోంది. మునికృష్ణప్ప తన పొడి కంబళి తెచ్చి కప్పి, అరికాళ్ళు రుద్దుతూ, “గంగప్పా, ఒరే నాయనా,” అని పిలుస్తూ ఉన్నాడు. పలుకు లేదు.

సుబ్బరాయప్ప కూడా వచ్చి చూశాడు. “ఊపిరి ఉండాది కదా. ముసలోడు చూసుకొంటాడు. మీరు దిగండి. చేపలు మళ్ళా ఇట్ల రావు,” అన్నాడు. గంగప్ప ఒంటి మీది నుంచి ఊడదీసిన కోటును తానే ఎత్తి, లోపలి నీళ్ళు కుమ్మరించి, భుజం మీది తువ్వాలుతో లోపలంతా తుడిచాడు. తుడిచి, ఆదెప్పకు అందించాడు.

ఆదెప్ప గోచీతో వణుకుతూ నిలబడి ఉన్నాడు. చెప్పిన పని చేసి చేసి అలవాటైన చెయ్యి దానంతటదే కొంచెం లేచింది.

అక్కయమ్మ వాళ్ళిద్దరి మధ్యగా నడిచి కాలువ అంచుకు దిగింది. తన మీది పాత కంబళి తీసి వరదలో ముంచింది. మునిగేదాకా రెండు చేతులా అదిమి పట్టి, బరువుగా పైకి లాగి, మోసుకొచ్చి మొగుడి తల మీద కప్పింది. నాలుగు వైపులా నీళ్ళు ధారలు కట్టాయి. ఆదెప్ప దవడలు టకటక కొట్టుకున్నాయి. అయినా కంబళిని తీసెయ్యలేదు. రెండు చేతులతో మెడ దగ్గరికి లాక్కున్నాడు.

“అంచు కారతాండాది సామీ,” అంది అక్కయమ్మ. “ఇంగ పిలవకూడదు.”

జట్టులో ఒకడు మెడ పట్టీ విప్పుకున్నాడు. ఇంకొకడు విప్పుకున్నాడు. కోట్లు ఒక్కొక్కటే బురదలో పడ్డాయి.

“చాకవేలు నుంచి రేపే మనుషుల్ని పిలిపిస్తా,” అన్నాడు సుబ్బరాయప్ప. “కోట్లు నావి. చెరువు నాది. మీరు ఈ పక్క మళ్ళా ఎట్ల వస్తారో చూస్తా.”

గంగప్పను మునికృష్ణప్ప కంబళిలోనే పడుకోబెట్టి, కొసలు తలా ఒకటి పట్టుకొని ఎత్తారు. చింతామణి ఆసుపత్రి చాలా దూరం, దారిలో వంక నిండుగా పారుతూ ఉంటుంది. అక్కయమ్మ తమ్ముడి తల కింద చెయ్యి పెట్టి పక్కనే నడిచింది. కంబళి అడుగున అరచెయ్యి ఆనించి, తడుస్తోందా లేదా అని మాటిమాటికీ చూస్తూ నడిచింది.

మరవ కింద వల ఒక వైపు తెగి నీళ్ళలో కొట్టుకుంటోంది. గొడుగు కింద సుబ్బరాయప్ప ఒక్కడే మిగిలాడు. ఆయన కాళ్ళ దగ్గర ఒక కోటు గుంటలో వెల్లకిలా పడి ఉంది. దాని నిండా వాన నీళ్ళు చేరాయి. అందులోంచి చుక్క కూడా కారడం లేదు.