మడతలో మిగిలిన రెండంగుళాలు

నేను ఒక దర్జీ కత్తెరను. గుడ్డ కోయడానికి పుట్టాను, చెట్టు కోయడానికి కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే నా కీలు దగ్గర పేరుకున్న నల్లటి బంక చూసి అందరూ నన్ను తోటపని కత్తెర అనుకుంటున్నారు. అది పైన్ చెట్టు బంక. కిరసనాయిలు పోసి రుద్దినా వదల్లేదు.

ఒకప్పుడు నేను సరుకులారీకి కమాను పట్టీని. లారీ తుక్కయ్యాక ఒక కమ్మరి నన్ను ఎర్రగా కాల్చి, రెండు రేకులుగా సాగగొట్టి, మధ్యలో మేకు బిగించాడు. మదనపల్లెలో గుర్రప్ప అనే దర్జీ నన్ను కొన్నాడు. ముప్పై ఏళ్లు నాతో రవికలూ నిక్కర్లూ కోసి, చూపు మందగించాక కూతురు కస్తూరి చేతిలో పెట్టాడు. పెడుతూ రెండు మాటలు చెప్పాడు.

"ఉత్త కత్తెర ఆడించొద్దు, ఇంటికి మంచిది కాదు. ఎదిగే బిడ్డల గుడ్డకి అడుగున రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టు."

మొదటిది భయం, రెండోది పనితనం. మనుషులు ఈ రెండింటినీ ఒకే గొంతుతో చెబుతారు. పాపం, వాళ్ల పిల్లలకు ఏది ఏదో తెలిసేదెలా?

కస్తూరి మొగుడు మునిరత్నం కొండ మీదికి బస్సు నడిపేవాడు. ఒకరోజు పైన చలిప్రాంతపు నర్సరీ నుంచి వేర్లకు గోనెపట్టా చుట్టిన మొక్కను వెనక సీటు మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. గుండ్రంగా, దట్టంగా, సూదుల్లాంటి ఆకులతో ఉంది.

"సరుగుడు మొక్క మోసుకొచ్చి ఏంది మామా ఈ సంబరం?" అంది కస్తూరి.

"సరుగుడు కాదే, పైను. పొట్టి జాతి. ఎంత పెరిగినా మన గోడ దాటదంట."

ఇంటి వెనక రెండు మంచాలు పట్టేంత పెరడు ఉంది. మల్లెపొదకూ గన్నేరుకూ మధ్య దాన్ని నాటారు. వాళ్ల కూతురు చంద్రికకు అప్పుడు నాలుగేళ్లు. మొక్క ఆ పిల్ల భుజం దాకా వచ్చింది. నాటిన రోజే టేపు తెచ్చి దాని పక్కన నిలబడి, ఇద్దరినీ కొలవమంది. కస్తూరి నవ్వుకుంటూ కొలిచి, కొలతల పుస్తకంలో ఒక పేజీ ఇద్దరికీ కేటాయించింది. పై వరసలో చంద్రిక, కింది వరసలో చెట్టు. ఆ తర్వాత పండగ వచ్చినా, కొత్త గౌను కుట్టినా అదే తంతు.

చంద్రికకు నేనంటే ఇష్టం. అంటే, నా చప్పుడంటే ఇష్టం. అమ్మ అటు తిరిగితే చాలు, నన్ను తీసుకుని గాలిలో టకటకలాడించేది. "ఉత్త కత్తెర ఆడించొద్దంటే ఇనవా?" అని కస్తూరి చేతి మీద చిన్న దెబ్బ వేసేది. పిల్ల నవ్వి నన్ను బల్ల మీద పెట్టేసేది.

మూడేళ్లు గడిచాయి. బళ్లు తెరిచే జూన్ నెల వచ్చింది. ఆ నెలలో దర్జీ ఇంట్లో అన్నం కుండ కూడా నీలం గుడ్డ కింద దాక్కుంటుంది. ఒక చివర కస్తూరి మిషన్, ఇంకో చివర కాజాలు కుట్టే షంషాద్. అందరి పిల్లల యూనిఫారాల తర్వాత కస్తూరి తన కూతురి నీలం గౌను కుట్టింది. అడుగున రెండంగుళాలు మడిచింది. టేపు పెట్టి చూస్తే పిల్ల నలభై ఐదు అంగుళాలు. చెట్టూ నలభై ఐదే. "ఇద్దురం సమానం," అని చంద్రిక ఇల్లంతా చాటింది.

మరునాడు పిల్లకు ఒళ్లు కాలింది. మిషన్ పక్కన చాప మీద పడుకుని, "అమ్మా, తలనొప్పి," అంది.

"ఈ నాలుగు జతలు అయిపోనీ నాయినా, పొద్దున్నే డాక్టరు దగ్గిరికి పోదాం," అంది కస్తూరి.

ఆ మాట అన్నప్పుడు నేను ఆమె చేతిలోనే ఉన్నాను. నాలుగు జతలూ నేనే కోశాను. పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోయారు. మూడో రోజుకు పిల్ల లేదు. విషజ్వరమని చెప్పారు. ఒక పూట ముందు తీసుకెళితే బతికేదో లేదో ఎవరూ చెప్పలేదు. కస్తూరి ఎవరినీ అడగలేదు కూడా. అడిగితే చెబుతారేమోనని భయం. ఆ భయంతో ఆమె కొన్నాళ్లు నన్ను కూడా అనుమానించింది. ఉత్తగా ఆడించిన కత్తెర బిడ్డను మింగిందని షంషాద్‌తో ఒకసారి అంది. నాకే అంత శక్తి ఉంటే ఆ జ్వరాన్నే కోసి పారేసేదాన్ని కదా.

మాఘం వెళ్లాక చెట్టుకు కొత్త చిగుళ్లు వచ్చాయి. పైన్ చిగుళ్లు కొమ్మల చివర కొవ్వొత్తుల్లా నిటారుగా నిలబడతాయి. కస్తూరి టేపు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. నలభై తొమ్మిది అంగుళాలు.

"దాన్ని దాటి పోతావా నువ్వు?" అని చెట్టును అడిగింది.

లోపలికి వచ్చి నన్ను తీసుకెళ్లింది. ఒక్క చిగురు మిగల్చకుండా నాతో కోయించింది. నా రేకులకు జిగురు అంటి, ఘాటైన వాసన వేసింది. చెట్టు మళ్లీ నలభై ఐదు అయ్యాక కూర్చుని ఏడ్చింది. నేను గుడ్డకు పనికిరాకుండా పోయాను. కస్తూరి ఇంకో కత్తెర కొనుక్కుని, నన్ను పెరటి తలుపు పక్కన మేకుకు తగిలించింది.

అప్పటినుంచి ఏటా అదే పని. చలికాలం వస్తే మంచు పడుతుందని ఆ నీలం గౌను తెచ్చి చెట్టుకు తొడిగేది. ఎండ వచ్చినా తీసేది కాదు. ఒక సాయంత్రం షంషాద్ కాజాలు ఇవ్వడానికి వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"అక్కా, పెరట్లో ఎవురా పిల్ల?"

"చెట్టు," అంది కస్తూరి తల ఎత్తకుండా.

షంషాద్ ఆ రోజు నుంచి పెరటికి వీపు పెట్టి కూర్చునేది. నేను మాత్రం ఎటు తిరగగలను? మేకు మీద నుంచి నాకు కనిపించేది అదొక్కటే. గాలికి ఆ గౌను ఇటు తిరిగినప్పుడల్లా నా రేకులు కొంచెం విచ్చుకుని కిర్రుమనేవి. ఎవరో చిన్న వేళ్లు పెట్టినట్టే ఉండేది. నాకు భయమేసేది, ఆ వేళ్లు రావాలనీ ఉండేది. కస్తూరి మిషన్ ఆపి ఆ కిర్రుమనే చప్పుడు వినేది.

"చెట్టుని చెట్టులా ఉండనీ కస్తూరీ," అన్నాడు మునిరత్నం ఒకసారి.

"నువ్వు బస్సు చూసుకో మామా," అంది. అతను బస్సే చూసుకున్నాడు.

ఐదో ఏట చెట్టు కింది నుంచి ఎర్రబడింది. సూదులు రాలి లోపలంతా బోలుగా అయింది. మల్లెనూ గన్నేరునూ మొదలంటా నరికితే గుత్తులు గుత్తులుగా చిగురించడం కస్తూరి పుట్టినప్పటి నుంచి చూస్తోంది. ఎండిన కొమ్మలన్నీ నాతో మొదలు దాకా కోసి, నీళ్లు పోసి కాచుకు కూర్చుంది. నెల గడిచింది, ఒక్క మొగ్గ రాలేదు. ఆ ఏడు చెట్టు మొత్తానికి మూడే చిగుళ్లు పైన నిలబడ్డాయి.

"ఇదీ నా చేతిలోనే పోతాండాది మామా," అని మొగుడి ముందు కూలబడింది. పిల్ల పోయాక ఆమె అతని ముందు ఏడవడం అదే మొదలు.

మునిరత్నం మరునాడే కొండమీది నర్సరీ నాగభూషణాన్ని బస్సులో ఎక్కించుకొచ్చాడు. ముసలాయన చెట్టు చుట్టూ తిరిగి, కొమ్మల లోపల చెయ్యి పెట్టి చూశాడు.

"ఎవురు కోసింది?"

"నేనే."

"ఇది మల్లి కాదు తల్లీ. ఆకు లేని కొమ్మ నరికితే మళ్లా రాదు. దీని పాణమంతా ఈ కొస చిగుర్లలో ఉంటాది. ఏటా మొత్తం తీసేస్తే ఇదేం తిని బతకాల?"

"పొడుగు కాకూడదు," అంది కస్తూరి.

"పొట్టిగా ఉంచొచ్చు. నిలబెట్టేయలేం. సగం తుంచు, సగం ఇడువు. రోంతన్నా ఎదగనియ్యకపోతే సస్తాది."

"రోంతంటే?"

"రెండంగుళాలు."

కస్తూరి వెళ్లి చెట్టు మీది గౌను విప్పుకొచ్చి గడపలో కూర్చుంది. చెయ్యి చాచి నన్ను మేకు మీద నుంచి తీసింది. ఐదేళ్ల తర్వాత నాకు మళ్లీ గుడ్డ తగిలింది. బంకతో బిగుసుకుపోయిన నా మొనతో గౌను అంచున కుట్టును ఒక్కో పోగే తెంపింది. మడత విచ్చుకుంది. ఎండకు గౌనంతా బూడిదరంగుకు తిరిగిపోయింది. మడత లోపలి రెండంగుళాలు మాత్రం కుట్టిన రోజు నీలంగానే ఉన్నాయి.

"ఎదుగుతాదని పెట్టింటి మామా," అంది. "ఎదుగుతాదనే కదా పెట్టింటి."

మునిరత్నం పక్కన కూర్చుని గౌను రెండో చివర పట్టుకున్నాడు. ముసలాయన బూట్ల మట్టి దులుపుకునే నెపంతో గోడ వైపు తిరిగాడు.

చిగురు తుంచడానికి నేను అక్కర్లేదట. ఇనుము తగిలితే కొస మాడుతుందట, వేళ్లతోనే గిల్లాలట. ఆమె ఆ నీలం పట్టీని చిగురు పక్కన పెట్టి, అంతవరకు వదిలి, పైది గిల్లేసింది. మూడు చిగుళ్లకూ అంతే. తర్వాత కొలతల పుస్తకంలో ఆ పాత పేజీ తీసింది. కింది వరసలో నలభై ఏడు అని రాసింది. పై వరసలో నలభై ఐదు అలాగే ఉంది. ఆ పేజీలో ఇద్దరూ విడిపోవడం ఆమె చాలాసేపు చూసింది.

ఇప్పుడు చెట్టు కస్తూరి భుజం దాకా వచ్చింది. ఒక పక్క కొమ్మల్లేవు, అవి ఇక రావు. గౌను పెట్టెలో ఉంది. నేను ఇంకా ఈ మేకు మీదే ఉన్నాను, పని లేదు. అయినా చిగుళ్లు గిల్లిన రోజు సాయంత్రం కస్తూరి వచ్చి నన్ను తీసుకుంటుంది. చెట్టు వైపు తిరిగి, ఇంటికి మంచిది కాదని తెలిసి కూడా, నన్ను ఉత్తగా గాలిలో రెండుసార్లు ఆడిస్తుంది.