అయిదున్నర నుంచి ఏడుంబావు దాకా

ఆ పట్టణంలో పిల్లలను ఉంచుకునే ఆటగదులు నాలుగున్నాయి. రెండింటి తలుపుల మీద "ఉద్యోగాలు చేసే తల్లిదండ్రుల కోసం" అని రంగురంగుల అక్షరాలతో రాసి ఉంటుంది. నాలుగూ తెరిచేది ఎనిమిది గంటలకే. కార్లకు వైర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో వెరిత్సా షిఫ్టు ఆరింటికి మొదలవుతుంది. ఆ బోర్డులు రాయించినవారు ఉద్యోగమంటే ఏమనుకున్నారో ఆమెకు ఎన్నడూ బోధపడలేదు.

భర్త నెనాద్ లారీ డ్రైవరు. సోమవారం సరిహద్దు దాటితే మళ్లీ ఇల్లు చూసేది శుక్రవారమే. కూతురు దూన్యాకు ఎనిమిదేళ్లు, రెండో తరగతి. అప్పటిదాకా పిల్లను కనిపెట్టుకుని ఉన్న పక్క ఫ్లాటు స్తనోయ్కా, వియన్నాలో ఎవరో దంపతుల కవలలను చూసుకోవడానికి సెప్టెంబరులో వెళ్లిపోయింది.

"ఇక్కడ పిల్లల్ని చూస్తే సాయం అంటారే అమ్మాయ్, అక్కడ ఉద్యోగం అంటారు," అంది పెట్టె సర్దుకుంటూ. అందులో కాదనడానికి ఏమీ లేదు.

తరగతులు ముగిశాక పిల్లలను సాయంత్రం దాకా ఉంచుకునే ఏర్పాటు బడిలో ఉంది గాని, అది మొదటి తరగతి వారికే.

"రెండో తరగతికొచ్చాక కాస్త స్వతంత్రంగా ఉండటం అలవాటవ్వాలి కదండీ," అంది ఆఫీసులో గుమాస్తా, చూపు కంప్యూటరు మీద నుంచి మరల్చకుండా.

"పొద్దున్న అయిదున్నరకా?"

"అయిదున్నరకి పిల్లని ఎవరు తీసుకురమ్మన్నారండీ?"

వెరిత్సా పత్రికలో ప్రకటన వేయించింది. ఆరుగురు ఫోన్ చేశారు. వేళ చెప్పగానే నలుగురు నవ్వారు. ఒకావిడ, "మీదేమన్నా రొట్టెల బట్టీనా?" అని అడిగింది. ఆరో మనిషి చదువుకునే అమ్మాయి. తాను తొమ్మిది లోపల నిద్ర లేవనని నిజాయితీగా చెప్పి పెట్టేసింది.

పిల్లను ఇంట్లో వదిలి, బడి వేళకు తనంత తానే నడిచిరమ్మనడానికి వీల్లేదు. ఇంటికీ బడికీ నడుమ హైవే ఉంది. దాని మీద తెల్లవారకముందు నుంచే నెనాద్ వంటివారి లారీలు పోతూ ఉంటాయి. ఫ్యాక్టరీ బస్సు ఆగేది సరిగ్గా బడి గేటు ఎదుట. అందుచేత అక్టోబరులో ఒక సోమవారం పొద్దున్న అయిదుంబావుకు తల్లీకూతుళ్లు చేయి చేయి పట్టుకుని హైవే దాటి, మూసి ఉన్న గేటు ముందు నిలబడ్డారు. తలుపులు తెరిచేది ఏడుంబావుకు.

లోపలి నుంచి బూడిద బకెట్టుతో మిలుంకా వచ్చింది. బడి ఊడ్చి, తుడిచి, గంట కొట్టి, గదులను వెచ్చబెట్టే బొగ్గు బాయిలరు వెలిగించే ఆమెను పిల్లలతో పాటు ప్రధానోపాధ్యాయిని కూడా పిన్నీ అనే పిలుస్తుంది. ఆ పిలుపుతోనే ఆమెకు చేయవలసిన మర్యాద తీరిపోయిందని అందరి నమ్మకం.

"ఏమమ్మోయ్, పెళ్లివారొస్తున్నారా? ఇంత పొద్దున్నే ముస్తాబై నిలబడ్డారు!"

"బస్సొస్తుంది పిన్నీ. పది నిమిషాలే."

"నీకొస్తుంది. మరి దీనికో?"

వెరిత్సా పిల్ల కోటు పై గుండీ పెట్టింది. మిలుంకా బకెట్టు దించి పిల్ల చెవులు తాకి చూసింది.

"మంచుముక్కల్లా ఉన్నాయ్. నడవ్వే పిట్టా, లోపలికి." తరవాత తల్లి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఇదిగో అమ్మాయ్. బాయిలరు గదిలోకి బయటివాళ్లని రానివ్వకూడదని రూలు. నాకింకా రెండేళ్లుంది పింఛనుకి. నేను చూళ్లేదు, నువ్వు చెప్పలేదు. నాకు థాంక్సు కూడా చెప్పకు. తెలిసిందా?"

ఆ శీతకాలమంతా దూన్యా పొద్దుటి పూటా, పన్నెండున్నరకు బడి వదిలాక తల్లి వచ్చేదాకానూ ఆ గదిలోనే గడిపింది. పాత బస్సులోంచి ఊడదీసి తెచ్చిన సీటు ఒకటి అక్కడ ఉండేది. మిలుంకా పందికొవ్వు రాసి ఎర్రకారం చల్లిన రొట్టెముక్క పెట్టేది, తేనె కలిపిన పూల టీ ఇచ్చేది, బాయిలరులోకి బొగ్గు వేస్తూ పారకు ఒక అంకె చొప్పున ఏడో ఎక్కం అప్పజెప్పించుకునేది. జనవరి నాటికి మరో ఇద్దరు పిల్లలు చేరారు. వాళ్ల తల్లులు కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు. చేయీ మనసూ ఒకేచోట ఉంచి పనిచేయడం ఎలా ఉంటుందో వెరిత్సాకు ఆ అయిదు నెలల్లోనే తెలిసింది.

మార్చి ఎనిమిదిన, మహిళల పండుగకు, బడి హాల్లో సభ జరిగింది. వెరిత్సా సంచిలో ఒక కాఫీ పొట్లం, ఒక చాక్లెట్ల పెట్టె ఉన్నాయి. సభ అయ్యాక బాయిలరు గదిలో చడీచప్పుడు లేకుండా పెట్టి రావాలనుకుంది. అంతే అనుకుంది.

ప్రతి తరగతీ తన టీచరుకు పూలగుత్తి ఇచ్చింది. ప్రధానోపాధ్యాయిని స్త్రీ గురించి మాట్లాడింది; తల్లి అంది, శ్రామికురాలు అంది, సమాజానికి వెన్నెముక అంది. ఆమె అలా అంటున్నంతసేపూ హాలు చివర మిలుంకా, అతిథుల బూట్ల నుంచి కారిన మంచునీళ్లు తుడుస్తూనే ఉంది. ఎవరి చేతిలోని పువ్వూ అటు వెళ్లలేదు.

"ఎవరైనా మాట్లాడతారా?" అంది ప్రధానోపాధ్యాయిని.

వెరిత్సా లేచింది. మిలుంకా పెట్టిన షరతు ఆమెకు గుర్తుంది. అయినా లేచింది. ఈ బడిలో మనం మరిచిపోయిన మనిషి ఒకరున్నారంది. మనలో కొందరం పొద్దున్న అయిదున్నరకు నిశ్చింతగా బస్సెక్కుతున్నామంటే ఆవిడ చలవేనంది. బాయిలరు గది అంది, టీ అంది, ఎక్కాలు అంది. అయిదో వాక్యం దగ్గర హాలు చివరికి చూసింది. మిలుంకా చేతిలో తుడుపుకర్ర కదలడం లేదు. తల మాత్రం, వద్దు వద్దన్నట్టు, మెల్లగా అటూ ఇటూ కదులుతోంది.

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు కొట్టింది ప్రధానోపాధ్యాయినే.

మూడో రోజుకు బాయిలరు గదికి కొత్త తాళం, తలుపు మీద నోటీసు, మిలుంకా చేతికి రాతపూర్వకమైన హెచ్చరిక వచ్చాయి. వెరిత్సా సెలవు పెట్టి బడి ఆఫీసుకు వెళ్లింది.

"మానవత్వానికి మేమేం అడ్డం కాదండీ," అంది ప్రధానోపాధ్యాయిని, కుర్చీ చూపిస్తూ. "రేపు బాయిలరు పేలిందనుకోండి, ఎవరు జవాబు చెప్పాలి?"

"గేటు బయట లారీ గుద్దితేనో?"

"బయట జరిగేది బడి బాధ్యతలోకి రాదు కదండీ."

నిబంధనల ప్రకారం ఆ మాటలో తప్పు లేదు.

మిలుంకా మెట్లు తుడుస్తోంది. వెరిత్సా కాఫీ పొట్లం చాపితే అందుకోలేదు.

"నన్ను క్షమించు పిన్నీ. అందరూ నిన్ను అలా వదిలేస్తే చూడలేకపోయాను."

"మంచి మాటే చెప్పావ్ తల్లీ. వినేవాళ్లు మంచివాళ్లనుకున్నావ్, అదీ నీ తెలివి." గుడ్డ పిండింది. "నా పేరు ఎవరూ ఎత్తకపోతే నాకొచ్చిన లోటేంటి? ఇరవయ్యేళ్లుగా ఎత్తలేదు. హాయిగా ఉన్నా."

"దూన్యా రోజూ నిన్ను..."

"పిల్ల మాట ఎత్తకు. జరుగు, అక్కడ తడి."

మిగిలిన ఇద్దరు తల్లులు బస్సులో వెరిత్సా పక్కన కూర్చోవడం మానేశారు. ఒకామె తన బిడ్డను సొంతూళ్లో ఆడపడుచు ఇంటికి పంపేసింది. దూన్యాను పంపడానికి వెరిత్సాకు ఊరు లేదు, ఆడపడుచూ లేదు. మధ్యాహ్నాలు ఆ పిల్ల రొట్టెల దుకాణం ఎదుట బెంచీ మీద కూర్చునేది. పొద్దుట గేటు పక్కన నిలబడేది. బస్సు మలుపు తిరిగేదాకా తల్లి వెనక అద్దంలోంచి చూస్తూ పోయేది.

పది రోజులయ్యాక వెరిత్సా గమనించింది. దూన్యా గేటు దగ్గర కాదు, బడి ప్రహరీకి తగిలి ఉన్న ఒక గోడకు వీపు ఆనించి నిలబడుతోంది.

"అక్కడెందుకే?"

"వెచ్చగా ఉంటుందమ్మా. లోపల బాయిలరు గొట్టం ఉంది. ఇదివరకు మనమొచ్చాకే పిన్ని బాయిలరు వెలిగించేది. ఇప్పుడు మనం వచ్చేసరికే గోడ వేడెక్కి ఉంటోంది."

"పిన్ని నీతో మాట్లాడుతోందా?"

"ఊహూఁ. కిటికీలోంచి చూస్తుంది. నేను చూస్తే పక్కకి పోతుంది."

వెరిత్సా వెళ్లి ఆ గోడ మీద అరచేయి పెట్టింది. బస్సు హారను రెండుసార్లు మోగేదాకా తీయలేదు. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. శుక్రవారం ఇంటికొచ్చిన నెనాద్‌కు కూడా.

ఏప్రిల్ పదిహేనుతో ఆ దేశంలో బాయిలర్లన్నీ ఆపేస్తారు. అది తారీఖును బట్టే గాని చలిని బట్టి కాదు. పదహారో తారీఖు పొద్దున్న హైవే మీద తెల్లగా మంచు పేరుకుంది. వెరిత్సా బస్సెక్కి వెనక అద్దం దగ్గరకు వెళ్లింది. దూన్యా ఎప్పటిలాగే గోడ దగ్గరకు నడిచి, సంచీ దించి, వీపు ఆనించింది. ఒక క్షణం తరవాత తిరిగి, రెండు చేతులతోనూ ఇటుకలు తడిమి చూసింది. మళ్లీ అక్కడే వీపు ఆనించి, తల్లికి చేయి ఊపింది.