ఐదూ ఆటీన్లే

లాస్ వేగస్‌లో సూపర్ మార్కెట్ గుమ్మం పక్కనున్న పోకర్ మెషీన్‌లో ఆర్విల్ తన చివరి ఐదు డాలర్లూ పెట్టేశాడు. తెర మీద ఐదూ ఆటీన్లే పడ్డాయి: పది, జాకీ, రాణి, రాజు, ఒక నాలుగు. అలాగే ఉంచుకుంటే ముప్పై డాలర్లు వస్తాయి. భార్య నడీన్ ఇన్సులిన్‌కు అవి చాలు. నాలుగును వదిలేశాక దాని చోట ఆటీను ఆసు పడితే నాలుగు వేలు.

"వదలకు ముసలోడా, నా మనసు కీడు శంకిస్తోంది," అంది పక్కనే నిలబడ్డ నడీన్.

"మనసు మాట విన్నవాళ్లే ఈ ఊరి దీపాలకు కరెంటు బిల్లు కడుతున్నారే పిచ్చిదానా. లెక్క ప్రకారం వదలాల్సిందే."

ముప్పై ఏళ్లు కాసినోలో ముక్కలు పంచిన చెయ్యి నాలుగును వదిలేసింది. కళావరు ఏడు పడింది; ఒక్క డాలరూ రాలేదు.

"లెక్క తప్పలేదుగా?" అంది నడీన్.

"తప్పలేదు."

"అయితే సాయంత్రం సూదిలో దాన్నే ఎక్కించు."