పెళ్ళికాని వాడి కృతజ్ఞతలు

నలభై ఏళ్ళలో తన టైపు మిషను మీదుగా ఒక్క దొంగ వాక్యం కూడా దాటిపోలేదని తాతయ్య గొప్ప. ఆ మాట అన్నప్పుడల్లా లేని మీసం మెలేసేవాడు. కాలేజీ వెనక సందులో ఆయనదొక ఇరుకు గది. కార్బన్ కాగితాల వాసన, వరస చివర టింగుమనే గంట, గుమ్మంలో రాతప్రతులు చంకన పెట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళు. ఇప్పటికీ లిఫ్టు గంట వినబడితే చాలు, ఆయన ఎడమ చెయ్యి తనంతట తానే లేచి, లేని మిషను పిడిని పక్కకు తోస్తుంది.

ఆ మధ్యాహ్నం మనవరాలు తన వ్యాసం చదివి వినిపించింది. ఇంట్లో పెద్దవాళ్ళ పని గురించి వాళ్ళనే అడిగి రాయమని కాలేజీలో చెప్పారు. రేపు మేడం ఎదుట కూర్చుని ప్రతి ముక్కకూ జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పేపరు పోయినట్టే.

"'ప్రతి సాయంత్రం సిరా మరకల చేతులతో, చెమర్చిన కళ్ళతో ఇల్లు చేరేవారు...'"

"ఎవరే ఆయన? పాపం, మంచివాడిలా ఉన్నాడు."

"నువ్వే తాతయ్యా!"

"నేనా? నేనొచ్చేది ఆకలితో. కళ్ళు చెమర్చేది మీ అమ్మమ్మ వంట నోట్లో పెట్టుకున్నాక."

మనవరాలు తల దించుకుంది. "ఏఐతో రాయించాను. నిన్నడిగితే అన్నీ కోతలేగా!"

"అది కోయలేదటే? నా కోతలకైతే పోట్లాడ్డానికి నేనున్నాను. దాని కోతలకు రేపు నువ్వేగా జవాబుదారీ!" అని నవ్వి, ఆ నవ్వు సగంలోనే ఆపేశాడు. "నిజం చెప్పనా? నా దగ్గరా ఒకటి దాటిపోయింది. ఓ బక్కపల్చటి కుర్రాడు సీనియరు థీసిస్ మొత్తం ఎత్తి రాసుకొచ్చాడు. అట్ట నుంచి అట్ట దాకా కొట్టిపెట్టాను. చివర్లో, ఓర్పుతో సహకరించిన భార్యకూ ముగ్గురు పిల్లలకూ కృతజ్ఞతలు! వాడికి పెళ్ళే కాలేదు."

"నువ్వు చూసుకోలేదా?"

"నా వేళ్ళు చదివాయి, నేను చదవలేదు. పరీక్షకొచ్చినాయన 'పిల్లలు కులాసానా?' అన్నాట్ట. వాడి చదువు అక్కడితో సరి. ఆ మర్నాటి నుంచి, ఏ పేజీలో ఏముందో తెచ్చినవాడు నోటితో చెబితేగానీ మిషన్లో కాగితం ఎక్కించలేదు."

మనవరాలు వ్యాసం మొత్తం చెరిపేసింది. "మొదటి రోజు నుంచి చెప్పు."

పొద్దువాలే దాకా ఆయన చెబుతూనే ఉన్నాడు, ఆమె రాస్తూనే ఉంది. ఏళ్ళ తరబడి ఎవరూ దాని సంగతి అడగని గది అది. ఆఖర్న ఆమె ఒక వాక్యం చేర్చి చదివింది: "మాటలు తాతయ్యవి, రాత నాది, అచ్చుతప్పులు మాత్రం ఏఐ చూసిపెట్టింది."

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆ కృతజ్ఞతల్లో భార్య మాట ఉన్నది నిజమేనే. ముగ్గురు పిల్లల్నీ ఇందాక నేనే పుట్టించాను. కొట్టెయ్."

"మరి పరీక్షకొచ్చినాయన ఏమడిగాడు?"

"'ఇంట్లో ఆవిడ కులాసానా?' అని."