కళ్ళు తిరగడం

భర్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలర్ అయింది, ఒక చెయ్యి అయింది. తర్వాత ఏమైందో ఆమెకి తెలీదు. మెలకువ వచ్చేసరికి నేలమీద ఉంది. నోట్లో నెత్తురు, నాలుక అంచున మంట. పక్కనే అత్తగారు, చేతిలో ఆ చొక్కా. వీపు భాగమంతా మాడిపోయింది.

"కొత్త చొక్కా తల్లీ," అంది అత్తగారు. ఆ తర్వాతే, "కడుపు మీద పడలేదుగా?" అని అడిగింది.

పడిందో లేదో ఆమెకేం తెలుసు? ఆ కాసేపట్లో తన ఒంటికి ఏం జరిగిందో తనకి తప్ప చూసినవాళ్ళందరికీ తెలుస్తుంది. ఈ రోగంలో ఉన్న సిగ్గంతా అదే. ఐదో నెల కడుపు మీద చెయ్యి వేసుకుని ఎంతసేపు చూసినా లోపల కదలిక తెలియలేదు.

ఈ ఇంట్లో దీని పేరు కళ్ళు తిరగడం. ఆ పేరు పెట్టింది ఆమె కన్నతల్లే. వంద అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు, అమ్మ ఒక్కటే ఆడింది. "అప్పుడప్పుడు కాస్త కళ్ళు తిరుగుతాయి వదినగారూ, అంతే." కాపురానికొచ్చిన కొత్తలోనే హాల్లో పడి కొట్టుకుంటే సంగతి బయటపడింది. అప్పుడైనా అసలు పేరు పలుకుతారనుకుంది. అబ్బే, గుట్టుగా ఉందని అత్తగారికీ ఆ మాటే నచ్చింది. "నలుగురిలో ఫిట్స్ అనకు, నాకు తల కొట్టేసినట్టుంటుంది," అన్నాడు భర్త. పడేది ఆమె, తల కొట్టేసినట్టుండేది ఆయనకి. మాత్రలు తప్పకుండా వేసుకుంటూ రెండేళ్ళు పడకుండా నెట్టుకొచ్చింది. ఆ ఘనత తమ ఇంటి తిండిదేనని అందరూ చెప్పుకున్నారు.

నెల తప్పగానే అత్తగారు ఆ మాత్రలు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "బిడ్డకి పడవు. కాన్పయ్యాక వేసుకుందువుగాని." భర్త ఫోన్లోంచి తలెత్తకుండానే, "అమ్మ నలుగుర్ని కంది, ఆమాత్రం తెలీదా?" అన్నాడు. మాత్రలైతే మాన్పించారు గానీ, పొయ్యి దగ్గర పని, ఇస్త్రీ, మేడ మీద బట్టలారేయడం, వీటిలో ఒక్కటైనా మాన్పిద్దామని ఎవరికీ తోచలేదు. ఆమె కూడా నోరెత్తలేదు. రేపు బిడ్డకి ఏదైనా అయితే తన మాత్రల వల్లే అంటారని భయపడింది.

ఆసుపత్రికి ఎప్పుడెళ్ళినా అత్తగారే వెంట వచ్చేది, జవాబులూ ఆవిడే చెప్పేది. "కాస్త కళ్ళు తిరుగుతాయి డాక్టరుగారూ." కడుపుతో ఉన్నవాళ్ళలో ఎవరికి తిరగవు? రక్తం తక్కువై ఉంటుందని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసేది.

ఇవాళా అవే కుర్చీల్లో ఇద్దరూ కూర్చున్నారు. డాక్టరమ్మ పరీక్ష చేసి, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని చెప్పింది. ఆమెకి ఏడుపొచ్చింది.

"అసలేమైంది?"

"ఇస్త్రీ చేస్తూ కళ్ళు తిరిగి పడిందండీ," అంది అత్తగారు. డాక్టరమ్మ పెన్ను అందుకుంది.

"కళ్ళు తిరగలేదు," అంది ఆమె. వాచిన నాలుకతో మాట ముద్దముద్దగా వచ్చింది. అత్తగారు చెయ్యి గిల్లింది. ఆమె ఆ చెయ్యి పక్కకి తీసుకుంది. "ఫిట్స్ వచ్చాయి. చిన్నప్పట్నుంచీ ఉన్నాయి. నెల తప్పినప్పట్నుంచీ నా మాత్రలు ఆపేశారు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఎవరాపమన్నారు? అలా ఉన్నపళంగా ఆపేస్తే తల్లికీ ముప్పే, బిడ్డకీ ముప్పే. ఏ మందు వాడాలో, ఎంత వాడాలో చూసి ఇచ్చేదాన్ని కదమ్మా."

"ఇంటికెళ్ళి వేసుకుంటుందిలెండి," అంటూ అత్తగారు లేచింది. ఆమె లేవలేదు.

"నన్నిక్కడే ఉంచండి డాక్టరుగారూ. ఆ ఇంట్లో నా మందు నా చేతిలో ఉండదు."

వార్డులో మంచం ఇచ్చిన కాసేపటికే భర్త ఫోన్ చేశాడు. అత్తగారు అప్పుడే చేరవేసినట్టుంది.

"అంతమందిలో ఆ మాట అనాలా? రేపు పుట్టబోయే బిడ్డకి కూడా ఆ పేరు అంటుకోదూ?"

"అంటుకోవాలన్నా ముందు అది పుట్టాలి కదండీ," అంది ఆమె. "అది పుట్టేదాకా నేను బతికుండాలి."