చిట్టెమ్మ చేతుల్లో ఎర్రపెట్ట

తెల్లారి గూడు తలుపు తీయగానే కోడిపిల్లలన్నీ బిలబిలమంటూ వాకిట్లోకి వచ్చేశాయి గానీ, తల్లి రాలేదు. మాధవీలత వంగి చూసింది. ఎర్రపెట్ట మూలన రెక్కలు వేలాడేసుకుని కూర్చునుంది. రెండు చేతులా పట్టి బయటికి తీస్తే తల గట్టిగా విదిల్చింది. ముక్కులోంచి జిగురు తీగలా సాగి ఆమె చీర కుచ్చిళ్ల మీద పడింది.

మొన్న వేసవిలో తెగులొచ్చి, బందరు పక్కనున్న ఆ సముద్రపు పల్లెలో కోళ్లు కుప్పలుగా పోయాయి. వీళ్ల పెరట్లో మిగిలింది ఈ ఒక్క పెట్టే. గుడ్లమ్ముకుని బతికే పక్కింటి చిట్టెమ్మకయితే ఒక్కటీ మిగల్లేదు. ఈమధ్యే ఆవిడ బంటుమిల్లిలో ఉన్న చెల్లెలి దగ్గర్నుంచి కోడిపిల్లల్ని తెచ్చుకుని కళ్లలో వత్తులేసుకుని సాకుతోంది.

మాధవి పెట్టని గంప కింద మూసేలోగానే చిట్టెమ్మ గోడవతల నుంచి చూడనే చూసింది.

"ఏంటే అమ్మాయ్, దానికి సొంగ కారుతోంది?"

"తెలీట్లేదు పిన్నీ. రాత్రి కూడా మేత ముట్టలేదు."

"తెలీకపోవటమేంటి? మావాటిక్కూడా ఇట్టాగే మొదలైంది. కోసి పాతిపెట్టెయ్. నా పిల్లలకి అంటుకుందంటే ఇక నేను లేవలేనే."

ఆవిడ కసిరి ఉంటే మాధవి ఎదురు చెప్పేదే. కానీ ఆవిడ గొంతు వణికింది.

మొగుడు వాసు బోటు మీద వేటకెళ్లాడు. ఇంట్లో ఉన్నది మావగారు రత్తయ్య. ఆయన అరుగు మీద వల ఒళ్లో వేసుకుని చిరుగులు బాగుచేస్తున్నాడు.

"చిట్టెమ్మ చెప్పింది సబబేనమ్మా. ఒక్క కోడి కోసం వీధంతా ఏడవకూడదు" అని వల పక్కన పెట్టి లేచాడు.

"కాస్త ఆగండి మావయ్యా. ముందు సరిగ్గా చూడనివ్వండి."

"చూట్టానికేముంది? ఆలస్యమయ్యే కొద్దీ ముప్పే."

గుమ్మం దగ్గర రాయి మీద కత్తి నూరుతున్న చప్పుడు మొదలైంది. మాధవి గంప ఎత్తి పెట్ట పక్కనే చతికిలబడింది. వేసవిలో తన కోళ్లు ఎలా పోయాయో ఆమెకు బాగా గుర్తుంది. ఆకుపచ్చ రెట్ట వేశాయి, మెడలు మెలితిరిగాయి, గొంతులు గురగురలాడాయి. దీనికి అవేవీ లేవు. తురాయి ఎర్రగానే ఉంది. రెట్ట మామూలుగానే ఉంది. మెడ కింద మేత నిలిచే సంచి మాత్రం ఉబ్బి, నొక్కితే నానిన పిండిలా ఉంది. పెట్ట మాటిమాటికీ నోరు తెరిచి ఏదో మింగబోయి, మింగలేక ఆగిపోతోంది.

నోరు తెరిచి చూద్దామంటే ఒక్క మనిషికి లొంగటంలేదు. కత్తి చప్పుడు ఆగిపోయింది.

"పిన్నీ! ఒక్కసారి వచ్చి దీన్ని పట్టుకో!"

"నీకేమైనా మతి పోయిందా? దాన్ని ముట్టుకుని నా పిల్లల దగ్గరికి ఎట్టా పోను?"

"తెగులే అయితే నేనే కోస్తాను. దీన్నీ, దీని పిల్లల్నీ కూడా. ఒట్టు!"

వాకిట్లో పిల్లలు మాధవి కాలి వేళ్లను పొడుస్తున్నాయి. చిట్టెమ్మ లోపలికెళ్లి, రెండు చేతులకీ ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని వచ్చింది. పెట్టను చంకలో ఇరికించుకుని, రెక్కలు కదలకుండా అదిమి పట్టింది.

రత్తయ్య కత్తి కింద పెట్టి ఫోను టార్చి వేశాడు. మాధవి ముక్కు విడదీసింది. నాలుక వాచి నల్లబారి ఉంది. దాని మొదట్లో పచ్చటి నైలాను దారం బిగుసుకుపోయి, ఒక కొస గొంతులోకి దిగిపోయింది.

"వల దారం..." అన్నాడు రత్తయ్య. గబుక్కున దాన్ని లాగబోయాడు.

మాధవి ఆయన మణికట్టు పట్టేసింది. "వద్దు మావయ్యా! లోపల దేనికి చుట్టుకుందో ఏమో. పేగు తెగుద్ది."

చిన్న కత్తెర మొన నాలుక పక్కగా పోనిచ్చి, ఊపిరి బిగబట్టి, బిగుసుకున్న చుట్టుని మాత్రం కత్తిరించింది. కొసని అలాగే వదిలేసింది. రత్తయ్య అప్పటికే ఆటో కోసం వీధి చివరికి పరిగెత్తాడు. చిట్టెమ్మ చంకలోంచి మాధవి పెట్టని అందుకోబోతే ఆవిడ ఇవ్వలేదు.

"నువ్వు పోయి డబ్బులు తెచ్చుకో. ఉండనీ, నేనే పట్టుకుంటాలే."

బందరు పశువుల ఆసుపత్రిలో డాక్టరు రూతుగారు నోరు, మెడ తడిమి చూశారు. "లాగకపోవటం మంచిదైంది. సంచి తెరిచి తియ్యాలి. బతుకుద్దని మాటివ్వలేను" అన్నారు.

మత్తు సూది వేసి సంచిని కాస్త కోశారు. పులిసిన నూకల వాసన గుప్పుమంది. గడ్డితో ముద్దకట్టిన దారం నెమ్మదిగా బయటికి వస్తుంటే, పెట్ట మెడ ఒక్కసారిగా వాలిపోయింది. కళ్లమీద పొర కమ్మింది.

"అయిపోయింది" అని చిట్టెమ్మ గొణిగింది.

అయినా పట్టు మాత్రం సడలించలేదు. కవరు కట్టిన అరచేతి కింద పెట్ట రొమ్ము సన్నగా కొట్టుకోవటం ఆవిడకే ముందు తెలిసింది.

"ఉంది డాక్టరుగారూ, ఉంది! ఊపిరి ఉంది!"

డాక్టరుగారు చేయి ఆపకుండా కుట్లు వేశారు.

"ఇది తెగులు కాదాండీ?" అనడిగింది చిట్టెమ్మ.

"కాదమ్మా. ఇంతకీ మీరు తెచ్చుకున్న పిల్లలకి టీకా వేయించారా?"

చిట్టెమ్మ తల దించుకుంది. డాక్టరుగారు మందలించలేదు, టీకా ఎప్పుడు వేస్తారో చెప్పి పంపారు.

పెట్ట బతికింది గానీ నాలుక కొస ఎండి రాలిపోయింది. గింజలు పొడిచేది గానీ లోపలికి తీసుకోలేకపోయేది. మాధవి తవుడు తడిపి చిన్న ఉండలు చేసి నోట్లో పెట్టేది. సగం బయటికే పడేది. పెట్ట చిక్కి సగమైంది. కోయించేసి ఉంటే దీనికీ బాధ తప్పేదేమోనని ఒకటి రెండుసార్లు మాధవికి అనిపించింది కూడా.

ఒక మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఉండగా వాకిట్లో చిట్టెమ్మ గొంతు వినిపించింది. బయటికొచ్చి చూస్తే, ఆవిడ లోతుగిన్నెలో జావ కాచి తెచ్చి నేల మీద పెట్టింది. ఎర్రపెట్ట అందులో కళ్లదాకా ముక్కు ముంచి, తనంతట తానే మింగుతోంది.

"మెల్లిగా తినవే తల్లీ" అంటోంది చిట్టెమ్మ, "ఎవరూ లాక్కుపోరు."